మడత బల్లే మా ఠికానా

మా తమ్ముడి ఎడమచేతి నడిమివేలికి గోరు లేదు. నాలుగో అంతస్తులో, ఇంకా కిటికీలు కూడా బిగించని ఒక ఫ్లాటులో, నేలమీద కూర్చుని సన్నని టేకు పట్టీకి అంచు గుండ్రం చేస్తున్నాడు. పట్టీని ఒక కొసన కాలితో, ఇంకో కొసన ఎడమచేత్తో నొక్కిపట్టాడు. కుడిచేత్తో చిన్న రూటర్ మిషన్ నడుపుతున్నాడు. పట్టీ జారింది. నిమిషానికి పాతిక ముప్పై వేల చుట్లు తిరిగే బిట్టుకు టేకుకూ వేలికీ తేడా తెలియదు.

పని ఇప్పించిన కాంట్రాక్టరు ఆటో కిరాయి ఇచ్చాడు. ఆ పూట కూలి మాత్రం కోసుకున్నాడు. అందరూ అన్న మాట ఒకటే: అజాగ్రత్త. నిజం చెప్పాలంటే మొదట మేమూ అదే అన్నాం. పది రోజులు వాడు కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చున్నాక, ఆ పట్టీని మళ్లీ చేతిలోకి తీసుకుని చూశాక, మాకు వేరే సంగతి తోచింది. వేలు పోయింది అజాగ్రత్త వల్ల కాదు, బల్ల లేకపోవడం వల్ల. మిషన్ కదలకుండా ఉండి, పట్టీ దాని దగ్గరకు పోయి ఉంటే, వాడి చెయ్యి బిట్టుకు జానెడు దూరంలో ఉండేది.

మరి బల్ల ఎందుకు లేదు? దుకాణం లేదు కనుక. దుకాణం ఎందుకు లేదు? ఈ ప్రశ్న దగ్గరే మా చరిత్ర మొదలవుతుంది. చరిత్ర అంటే కోటలూ యుద్ధాలే అనుకున్నన్నాళ్లు ఇలాంటి ప్రశ్న అడగాలని మాకూ తోచలేదు.

మాది మూడు తరాల వడ్రంగం. దాదాకు పాతబస్తీ గల్లీలో ఒక షట్టరంత దుకాణం ఉండేది. నేలలో సగం పాతిన చింతమొద్దు ఉండేది. దాన్ని ఠీహా అనేవాడు. కొయ్యను దానికి ఆనించి చెక్కేవాడు. కిరాయి పెరిగింది, దుకాణం పోయింది. అబ్బా గల్ఫుకు వెళ్లాడు. అక్కడ ఇంకొకరి కార్ఖానాలో ఇంకొకరి బల్ల దగ్గర పనిచేశాడు. తిరిగొచ్చాక దుకాణం పెడదామని కొత్త కాలనీల్లో షట్టర్లు అడిగాడు. ముందు అడ్వాన్సు ఎంతో చెప్పేవాళ్లు. తర్వాత పేరు అడిగేవాళ్లు. పేరు చెప్పాక, మా బావమరిదికి ఇస్తామని మాటిచ్చాం అనేవాళ్లు. నగరంలో ఇన్ని బావమరుదుల దుకాణాలు ఎక్కడున్నాయో మాకు ఇప్పటికీ కనిపించలేదు.

కాబట్టి మేం సైటు మిస్త్రీలమయ్యాం. ఎవరి ఇల్లు తయారవుతుంటే అదే మా దుకాణం. రెండు స్టూళ్ల మీద ప్లైవుడ్ పలక వేస్తే అదే బల్ల. సాయంత్రానికి ఆ పలక కూడా ఎవరిదో అల్మారాకు వెనక చెక్కగా పోతుంది. మర్నాడు మళ్లీ నేల.

*

దాదా పెట్టె మాత్రం మా దగ్గరే ఉంది. దాన్ని తెరిచి ఒక్కో పనిముట్టు పేరు చెప్పుకుంటూ పోతే ఒక చరిత్ర పుస్తకం చదివినట్టే ఉంటుంది.

ఉలి, బాడిసె, రంపం, ఇవి తెలుగు మాటలు. కొయ్యను నునుపు చేసేది చిత్రిక. మా ఇంట్లో దాన్నే రందా అంటాం. అది పారశీకం. మూల సరిగ్గా ఉందో లేదో చూసేది గునియా. అదీ పారశీకం నుంచే ఉర్దూలోకి వచ్చింది. పారశీకానికి గ్రీకు నుంచి వచ్చింది, గ్రీకులో గోనియా అంటే కోణం. అంటే గ్రీకు మాట ఇరాన్ దాటి, దక్కన్ చేరి, తెలుగు వడ్రంగి చెవిమీది పెన్సిలు పక్కన నిలబడింది. ఊళ్లో వడ్ల బ్రహ్మయ్య కూడా గునియా అనే అంటాడు. ఆ మాటకు మతం ఉందని ఆయనకెప్పుడూ అనిపించలేదు.

మేం చేసే సామాను చూడండి. కుర్చీ అరబ్బీ. మేజా పారశీకం. దర్వాజా పారశీకం. తలుపు తెలుగు. అల్మారా పోర్చుగీసు. ఇక మమ్మల్ని పిలిచే పేరు, మిస్త్రీ? అదీ పోర్చుగీసే. పనిలో గురువు అని దాని అర్థం. ఈ పెట్టెలో ఏది మనది, ఏది బయటిది అని ఏరడం మొదలుపెడితే చివరికి మిగిలేది ఖాళీ పెట్టె. పనిచేసేవాడు ఎన్నడూ అలా ఏరలేదు. ఏది పనికొస్తే దాన్ని కలుపుకున్నాడు. పేరుతో సహా కలుపుకున్నాడు.

ఇప్పుడు ఆ పెట్టెలో రూటర్ వచ్చి చేరింది. ఇంగ్లీషు పేరుతోనే చేరింది. దానికో బల్ల కావాల్సి వచ్చింది. ఆ బల్ల కోసం వెతుకుతూ పోతే, మాకంటే ముందు దాన్ని వెతికినవాళ్లు కనిపించారు.

*

నేలమీద కూర్చుని, పాదాలతో కొయ్యను పట్టి పనిచేయడం వెనకబాటుతనమని మాకు చాలాకాలం నేర్పారు. దొరల కాలపు రాతల్లో మన వడ్రంగి కూర్చున్న తీరు మీద జాలీ వెటకారమూ కనిపిస్తాయి. జపాను వడ్రంగి కూడా నేలకు దగ్గరగానే పనిచేశాడు. అతని రంపం మన పాత రంపంలాగే లాగుతున్నప్పుడు కోస్తుంది, నెట్టినప్పుడు కాదు. కూర్చున్నవాడికి లాగడమే అనువు. శరీరం ఎలా ఉంటే పనిముట్టు అలా ఉంటుంది. కాలి బొటనవేలు శికంజా అయినప్పుడు ఇంకో శికంజా ఎందుకు?

నిలబడి పనిచేసే బల్ల ఐరోపాది. అదీ మొదట్నుంచీ ఎత్తుగా లేదు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన హెర్క్యులేనియం పట్నంలో ఒక గోడ చిత్రం దొరికింది. అందులో కొయ్య కోస్తున్న బల్ల కట్టుగాళ్లు గుచ్చిన దిమ్మెలాగే ఉంటుంది. ఎత్తయిన బరువైన బల్లను విపులంగా బొమ్మ గీసి చూపించినవాడు ఫ్రాన్సులో ఆంద్రే జాకబ్ రూబో. 1769 నుంచి అచ్చయిన తన వడ్రంగం గ్రంథంలో దాన్ని పెట్టాడు. రూబో పండితుడిగా పుట్టలేదు. వడ్రంగి కొడుకు, వడ్రంగి మనవడు. పని చేసే చెయ్యే పుస్తకం రాసిన అరుదైన సందర్భం అది. మా దాదాకు తెలిసిన పని తక్కువేమీ కాదు. కానీ దాన్ని రాసిపెట్టినవాళ్లు లేరు. అదే తేడా.

రూబో బల్ల మీద ఏనుగు ఎక్కినా కదలదు. కదలకపోవడమే దాని గుణం. దుకాణం ఉన్నవాడి బల్ల అది.

*

బల్ల తర్వాత యంత్రం వచ్చింది. చెక్కపని మీద యంత్రం ఏం చేసిందో తెలుసుకోవాలంటే ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవుకు పోవాలి. తెరచాప ఓడలకు తాళ్లు లాగే కొయ్య కప్పీలు వేలకొద్దీ కావాలి. ఒక్కో కప్పీని చేత్తో చెక్కే పనిమంతులు ఉండేవాళ్లు. నౌకాదళం కోసం సామ్యూల్ బెంతామ్ పూనుకోగా, ఫ్రాన్సు నుంచి వలస వచ్చిన మార్క్ బ్రూనెల్ యంత్రాలు ఊహించాడు. హెన్రీ మాడ్స్‌లే వాటిని ఇనుముతో చేశాడు. మొత్తం 45 యంత్రాలు. 1808లో అక్కడ తయారైన కప్పీలు 1,30,000. నూట పదిమంది పనిమంతుల పనిని పదిమంది చేశారు. ఆ పదిమందికి హునర్ అక్కర్లేదు. కొయ్య అందిస్తే చాలు.

పరిశ్రమల చరిత్రలో దీన్ని గొప్ప ముందడుగని రాస్తారు. కాదనం. కానీ ఆ లెక్కలో మిగిలిన నూరుమంది ఎక్కడికి పోయారు? వాళ్ల చేతుల్లోని విద్య యంత్రంలోకి పోయింది. యంత్రం నౌకాదళానిది. కాబట్టి విద్య కూడా నౌకాదళానిదైంది. మేం యంత్రానికి శత్రువులం కాదు. విద్య చేతిలోంచి బల్లలోకి మారినప్పుడు బల్ల ఎవరిది అని మాత్రమే అడుగుతున్నాం.

రూటర్ కథలోనూ ఇదే ప్రశ్న ఉంది. అంచులకు గోళాలు, గాడులు తీయడానికి వెనకటికి ఒక్కో ఆకారానికి ఒక్కో రందా ఉండేది. దాదా పెట్టెలో అలాంటివి ఐదున్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద కార్ఖానాలకు వేరే యంత్రం వచ్చింది. ఇనుప బల్ల నడుమ నుంచి ఒక ఇరుసు పైకి లేచి తిరుగుతుంది. దానికి కత్తులుంటాయి. కొయ్యను దానికి తగిలిస్తూ నెట్టాలి. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. చిన్నవాడికి అందదు.

చిన్నవాడికి అందినది చేతి రూటర్. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు సిరక్యూస్ పట్నంలో కార్టర్ అనే నమూనాల వడ్రంగి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, మంగలి వాడే కరెంటు కత్తెర మోటారు తీసి దానికి కొయ్య కోసే పన్ను తగిలించాడని చెబుతారు. అదే పెరిగి వ్యాపారమైంది. 1929లో దాన్ని స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఎలూ కంపెనీ, మోటారును స్ప్రింగుల మీద కిందికి నొక్కి కొయ్యలోకి దించే రకం తెచ్చింది. అలా కార్ఖానా ఇరుసు ఒక్క మనిషి చేతిలోకి వచ్చింది.

కానీ చేతి రూటర్‌కు ఒక లోపం ఉంది. కొయ్య వెడల్పుగా ఉంటేనే దాని పీట నిలుస్తుంది. సన్నని పట్టీ మీద, చిన్న ముక్క మీద నిలవదు, వాలుతుంది. మా తమ్ముడి వేలు పోయింది అక్కడే. అందుకే చిన్న దుకాణాల వాళ్లు ఒక ఉపాయం చేశారు. రూటర్‌ను తలకిందులు చేసి బల్ల కింద వేలాడదీశారు. బిట్టు మాత్రం చిల్లులోంచి పైకి తలెత్తింది. అంతవరకు కొయ్య ఉన్నచోటికి మిషన్ పోయేది. ఇప్పుడు మిషన్ ఉన్నచోటికి కొయ్య వస్తుంది. పెద్ద కార్ఖానా యంత్రం చేసే పనిలో చాలా భాగం ఇది చేసిపెడుతుంది. బల్ల పనివాడు సొంతంగా చేసుకున్నది.

అయినా దానికీ దుకాణం కావాలి. మాకది లేదు.

*

దుకాణం లేనివాడి బల్ల పుట్టింది ఒక కుర్చీ విరగ్గొట్టుకోవడం వల్ల.

రాన్ హిక్‌మన్ 1932లో దక్షిణాఫ్రికాలో పుట్టి, లండనుకు వలస వచ్చిన మనిషి. కార్ల రూపకల్పన అతని ఉద్యోగం. లోటస్ ఎలాన్ అనే కారు అతని చేతి మీదుగా వచ్చిందే. 1961లో ఇంట్లో బట్టల అల్మారా చేసుకుంటూ, కొయ్య కోయడానికి మంచి కుర్చీ ఒకదాన్ని ఆసరా చేసుకున్నాడు. రంపం కొయ్యతోపాటు కుర్చీనీ కోసింది. ఆ చిరాకులోంచి మడత బల్ల ఆలోచన వచ్చింది. పైన రెండు పలకలు. అవే బల్ల, అవే శికంజా. రెండు పిడులు ఒక్కోటి విడిగా తిప్పవచ్చు కనుక ఏటవాలు ముక్కను కూడా పట్టుకుంటాయి. కింద ఒక మెట్టు, దాని మీద కాలు వేసి నొక్కితే బల్ల జారదు. పని అయ్యాక మడిచి గోడకు ఆనించవచ్చు.

పేరున్న కంపెనీల చుట్టూ తిరిగాడు. ఇది డజన్లలో అమ్ముడుపోతే గొప్ప అన్నట్టు మాట్లాడారు. తానే చేయించి ప్రదర్శనల్లో అమ్ముకున్నాడు. 1968లో పేటెంటు కోరాడు. చివరికి 1972లో, ఒకప్పుడు కాదన్న బ్లాక్ అండ్ డెకర్ కంపెనీయే ఒప్పుకుంది. వర్క్‌మేట్ అన్న పేరుతో అది లోకమంతా పాకింది. నకలు కొట్టినవాళ్ల మీద హిక్‌మన్ కోర్టుకెక్కి గెలిచాడు. 2011 ఫిబ్రవరిలో జెర్సీ ద్వీపంలో చనిపోయేనాటికి దాదాపు 3 కోట్ల బల్లలు అమ్ముడయ్యాయి.

కంపెనీలకు ఎందుకు కనపడలేదు ఈ 3 కోట్లు? వాళ్ల లెక్కలో వడ్రంగి అంటే దుకాణం ఉన్నవాడు. అపార్టుమెంటు బాల్కనీలో, వాకిట్లో, మెట్ల కింద పనిచేసేవాడు వాళ్ల లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రానివాళ్లు ఎంతమందో లెక్క రాసేవాళ్లకు ఎప్పుడూ తెలియదు. ఇది బల్లల సంగతి ఒక్కటే కాదని వేరే చెప్పక్కర్లేదు.

అదే కాలంలో ఆస్ట్రేలియాలో జార్జ్ లూయిన్ ఇంకో అడుగు వేశాడు. ఒక చట్రం చేసి, చేతి కరెంటు రంపాన్ని తలకిందులుగా దానికి బిగించాడు. 1976లో అక్కడి ప్రభుత్వ టీవీలో ఆవిష్కర్తల కార్యక్రమంలో చూపించాడు. ట్రైటన్ అన్న పేరుతో అది వ్యాపారమైంది. తర్వాత అదే చట్రానికి రూటర్ కూడా బిగిసింది. ఒకే చట్రం, పనిని బట్టి మిషన్ మార్చుకోవడం. ఇల్లే దుకాణమైనవాడి తెలివి అది.

*

మాకు మడత బల్ల అబ్బా సామానులో దొరికింది. గల్ఫు నుంచి దుప్పట్లలో చుట్టి తెచ్చిన పాతది. ఏళ్ల తరబడి అమ్మీ దాని మీద ఇస్త్రీ చేసేది. తమ్ముడి కట్టు విప్పిన వారం దాన్ని కిందికి దించాం.

దాని పలకల నడుమ సందు ఇరుకు. రూటర్ ఒళ్లు అందులో పట్టదు. అందుకని మూడు వైపులా మూసి, ముందు తెరిచి ఉండే పెట్టె ఒకటి చేశాం. ఎత్తు 30 సెంటీమీటర్లు. పెట్టె అడుగున నిడివిగా మందపాటి టేకు బద్దను స్క్రూలతో బిగించాం. ఆ బద్ద బల్ల శికంజాలో కూర్చుంటుంది. పిడి తిప్పితే పట్టు పడుతుంది, వదులు చేస్తే ఊడి వస్తుంది. బల్లను తక్కువ ఎత్తులో, అంటే 60 సెంటీమీటర్ల దగ్గర నిలిపితే పైకప్పు 90కి వస్తుంది. నిలబడేవాడి నడుముకు సరి.

పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 60కి 45 సెంటీమీటర్లు. దానికి పైనా కిందా రెండు వైపులా సన్మైకా అంటించాం. ఒక వైపే అంటిస్తే వానకాలం తేమకు పలక వంగుతుంది. 18 మిల్లీమీటర్ల మందం మీద రూటర్ వేలాడితే బిట్టు పైకి చాలినంత రాదు. కనుక నడుమ చతురస్రంగా కోసి, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక దించాం. ఆ పలక కూర్చునే మెట్టును తీసింది అదే రూటర్. తన గూడు తానే తొలుచుకుంది. పలక నాలుగు మూలలా కిందినుంచి చిన్న స్క్రూలు పెట్టాం. తిప్పితే పలక లేస్తుంది, దిగుతుంది. గోరు గీస్తే అంచు తగలకూడదు. తమ్ముడే గీసి చూశాడు, కుడిచేతి గోరుతో.

ఇక కొయ్యకు ఆనుడు పట్టీ. రంపం బల్లకైతే ఆనుడు పట్టీ రంపానికి సమాంతరంగా ఉండి తీరాలి. రూటర్ బల్లకు ఆ బాధ లేదు. బిట్టు గుండ్రం కనుక, పట్టీ ఎటు వాలినా దూరం ఒక్కటే లెక్క. ఒక కొసకు బోల్టు, ఇంకో కొసకు క్లాంపు పెట్టాం. క్లాంపు వదిలి వెంట్రుకవాసి జరిపితే చాలు. పట్టీ నడుమ బిట్టుకు చోటు, దాని వెనక పొట్టు లాగే గొట్టానికి చిల్లు.

ఆ చిల్లు సోకు కోసం కాదు. కొయ్యపొట్టు మనుషుల్లో క్యాన్సరు తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. దాదా చివరి రోజుల్లో రాత్రంతా దగ్గేవాడు. దగ్గు ముసలితనంది అనుకున్నాం. పొట్టుది కూడా కావచ్చని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు.

నేర్చుకున్న జాగ్రత్తలు కూడా రాసిపెడుతున్నాం, ఎవరికైనా పనికొస్తాయి. చేతిలో రూటర్ ఉన్నప్పుడు కొయ్య బయటి అంచు మీద ఎడమ నుంచి కుడికి నడుపుతాం. బల్ల కింద తలకిందులైనప్పుడు అది తారుమారవుతుంది. కొయ్యను కుడి నుంచి ఎడమకు నెట్టాలి, బిట్టు తిరుగుడుకు ఎదురుగా. అటువైపు నుంచి నెడితే మిషన్ కొయ్యను లాక్కుని విసిరేస్తుంది, వెనకే చెయ్యిని కూడా లాగుతుంది. కొయ్యను ఎన్నడూ బిట్టుకూ ఆనుడు పట్టీకీ మధ్య ఇరికించకూడదు. ఒకేసారి లోతుగా తీయకూడదు, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున రెండు మూడు విడతల్లో తీయాలి. పెద్ద బిట్టయితే వేగం తగ్గించాలి. చిన్న ముక్కను వేళ్లతో కాదు, తోపుడు చెక్కతో నెట్టాలి. స్విచ్చి బల్ల ముందు వైపు ఉండాలి. కరెంటు పోయి వస్తే దానంతటది తిరగడం మొదలుపెట్టని రకం స్విచ్చి కావాలి. మన దగ్గర కరెంటు ఎలా పోయి వస్తుందో అందరికీ తెలుసు. బల్ల తేలిక కనుక కింది మెట్టు మీద ఒక కాలు వేసే పనిచేయాలి. దాదా కాలు కొయ్యను పట్టేది. మా కాలు బల్లను పడుతుంది. అంత దూరమేమీ రాలేదు మేం.

*

మొదటి రోజు తమ్ముడు బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మిషన్ వెయ్యలేదు. అబ్బా పక్కకు వచ్చి, "చెయ్యి భద్రంగుంటే రోజీ ఎక్కడికి పోదు బేటా. మెల్లగ నెట్టు" అన్నాడు. నెట్టాడు. గుండ్రం తిరిగిన అంచు అవతలి వైపు నుంచి బయటికి వచ్చింది. మళ్లీ ఒకటి పెట్టాడు. సాయంత్రానికి నలభై అడుగుల పట్టీ అయింది. నేలమీద అయితే రెండు రోజుల పని.

మాకు భ్రమలు లేవు. ఇప్పుడు నగరంలో కంప్యూటరుతో నడిచే రూటర్లు ఉన్నాయి. తలుపు మీద తీగలూ పూలూ, గోడకు జాలీలూ అవే కోస్తున్నాయి. మనిషి పలక పెట్టి మీట నొక్కి కూర్చుంటాడు. పోర్ట్స్‌మత్‌లో కొయ్య అందించిన పదిమంది లాగే. దాదా చెక్కిన గులాబీని ఎవరైనా ఒకసారి గీసి పెడితే వెయ్యిసార్లు కోసుకోవచ్చు. ఆ యంత్రాలు కొనగలిగిన మిస్త్రీలు కొందరున్నారు, వాళ్లను చూస్తే సంతోషమే. చాలామంది కొనలేరు. వాళ్ల విద్య ఇంకొకరి బల్లలోకి పోతున్నది.

మా మడత బల్ల ఆ యంత్రంతో పోటీకి నిలవదు. అయినా అది మా చేతిలో ఉంది. బిట్టు ఎంత లేపాలో, అంచు ఎంత తిప్పాలో మేమే తేలుస్తాం. చెడితే మేమే బాగుచేస్తాం. కిరాయి అడిగేవాడు లేడు. పేరు అడిగేవాడు అసలే లేడు. దుకాణం ఇవ్వనన్నవాళ్ల ఫ్లాట్లలోకి కూడా మా దుకాణం లిఫ్టులో నిలబడి పోతుంది, పనయ్యాక మడుచుకుని మాతో వస్తుంది.

అస్తిత్వం గురించి పెద్ద పెద్ద మాటలు వింటుంటాం. ఎవరు మూలవాసులు, ఎవరు మధ్యలో వచ్చారు అని అడుగుతుంటారు. మా దగ్గర ఉన్న రుజువు ఈ బల్లే. దక్షిణాఫ్రికా నుంచి లండను చేరిన మనిషి మడత, సిరక్యూస్ వడ్రంగి మోటారు, గ్రీకు గునియా, పారశీక రందా, తెలుగు ఉలి, గల్ఫు దుప్పటి, మన టేకు. ఇందులో దేన్ని తీసేసినా బల్ల కుంటుతుంది. అన్నీ కలిపి బిగించిన చెయ్యి మాత్రం ఇక్కడిది. ఈ గల్లీలో పుట్టింది, ఈ భాషలో లెక్క చెబుతుంది.

మొన్న ఒక ఇంట్లో పని ముగించి బల్ల మడుస్తున్నాం. ఇంటాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పెట్టె చూశాడు, అల్యూమినియం పలక చూశాడు, కింది బద్ద చూశాడు. "బాగుందే, ఏ కంపెనీది?" అన్నాడు.

తమ్ముడు గొట్టం చుట్టుకుంటూ, తలెత్తకుండానే చెప్పాడు.

"కంపెనీది కాదు సార్. మాది."